అంతస్తులకు హద్దు లేదు, రోడ్డుకు దిక్కు లేదు!

హైదరాబాద్ పడమటి దిక్కున బిల్డింగులు లేస్తున్నాయి, వాటి మధ్యన జనం ఇరుక్కుంటున్నారు. గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ, నార్సింగి... పేరేదైతేనేం, డ్యూటీ దిగే యాళ్లకు కథ ఒక్కటే. చినుకు పడితే ఇక చెప్పనక్కర్లేదు. బండ్లు పెరిగాయి, ఏం చేస్తామంటారు పాలకులు. ఇన్ని బండ్లు ఒక్క దిక్కుకే రావాల్సిన గతి ఎవరు తెచ్చారన్నదే మా ప్రశ్న.

ఈ ట్రాఫిక్ రోడ్డు మీద పుట్టలేదు, కాగితం మీద పుట్టింది. జాగా విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో చెప్పే లెక్కే ఎఫ్‌ఎస్‌ఐ. 2006లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 86తో ఆ పరిమితిని ఎత్తేసింది. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ జాగా, ఇవే కొలతలయ్యాయి. 2012లో వచ్చిన జీవో 168దీ అదే బాట. 30 మీటర్ల రోడ్డుండి, చెప్పినంత ఖాళీ వదిలితే ఎత్తుకు ఆ నిబంధనల్లో హద్దే లేదు. 2014లో రాష్ట్రం వచ్చింది. పాలకులు మారారు, పద్ధతి మారలేదు.

తిరకాసు ఇక్కడే ఉంది. ఈ నిబంధన గేటు ముందున్న రోడ్డునే చూస్తుంది, ఆ రోడ్డు పోయి కలిసే చౌరస్తాను చూడదు. పది బిల్డింగులకు పది పర్మిషన్లు. దేనికది సక్రమమే. పదీ కలిసి ఒక్క చౌరస్తా మీద పడితే ఏమైతదో ఎవరు లెక్కగట్టాలి? పెద్ద ప్రాజెక్టులకు పర్యావరణ అనుమతి కోసం ట్రాఫిక్ నివేదిక ఇస్తారు కదా అంటారు. అది బిల్డర్ పైసలిచ్చి పెట్టుకున్న కన్సల్టెంటు రాసిందే!

కోకాపేటనే చూడండి. 2021 జులైలో హెచ్‌ఎండీఏ వేలంలో ఎకరం గరిష్ఠంగా 60.2 కోట్లు పలికింది. 2023 ఆగస్టులో అది 100.75 కోట్లకు చేరింది. ఆ ఒక్క వేలంలోనే 45.33 ఎకరాలకు 3,319 కోట్లకు పైగా వచ్చాయి. ఎకరానికి వంద కోట్లు పెట్టినోడు పదంతస్తులతో ఊకుంటాడా? జాగా అమ్మేదీ సర్కారే, పర్మిషన్ ఇచ్చేదీ సర్కారే. ఇక ఎత్తుకు హద్దు పెట్టేదెవరు?

పరిమితి పెడితే ఇండ్ల ధరలు పెరుగుతాయని కొందరి వాదన. అందులో కొంత నిజముంది. మేం ఎత్తుకు వ్యతిరేకం కాదు. మెట్రో స్టేషన్ పక్కన జనం దట్టంగా ఉంటే మంచిదే. రాయదుర్గానికి 2019లో మెట్రో వచ్చింది. అంతస్తులు మాత్రం మెట్రో కోసం ఆగకుండా కోకాపేట దాకా పోయాయి. బస్సుకు ముందు బిల్డింగు, మోరీకి ముందు మాల్! మా పేచీ ఈ వరుసతోనే. 2019లో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్, 2020లో దుర్గంచెరువు తీగల వంతెన, 2022లో శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ వచ్చాయి. ఒక చౌరస్తా జామ్ ఇంకో చౌరస్తాకు జరిగింది, అంతే.

పైసలు లేవా అంటే, ఉన్నాయి. 15 మీటర్లు దాటిన భవనాల నుంచి మౌలిక వసతుల కోసం ఇంపాక్ట్ ఫీజు వసూలు చేస్తారు. దాన్ని వేరే ఖాతాలో ఉంచాలని, సగం ఆ ప్రాంతంలోనే ఖర్చు పెట్టాలని జీవో 168 చెప్తోంది. ఏ ప్రాంతంలో ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది? ఆ లెక్క ప్రజల ముందు పెట్టాలి. చౌరస్తా ఎంత మోయగలదో తేల్చాకే కొత్త టవర్లకు పర్మిషన్ ఇవ్వాలి. ట్రాఫిక్ నివేదికను సర్కారే స్వతంత్రంగా రాయించాలి.

మాస్టర్‌ప్లాన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలు చెప్పే హక్కు మనకుంది. బిల్డర్లు దాన్ని అక్షరం వదలకుండా చదువుతారు. మనకేమో పక్కన గుంత తవ్వినంక గానీ తెలువదు. ఉద్యోగ సంఘాలు, విద్యార్థి సంఘాలు, కాలనీ సంఘాలు ఇకనైనా ఆ కాగితాలు ముందేసుకొని కూర్చోవాలి. రోజుకు రెండు గంటలు రోడ్డు మీద పోగొట్టుకుంటున్నోళ్లం, ఒక్క పూట ఆ కాగితాల కోసం ఇయ్యలేమా?