తాళం పేరు అడిగితే తప్పా?

మమ్మల్ని ఎప్పుడూ అడిగేది మీరే. పేరేంది? తండ్రి పేరేంది? పిల్లలెంతమంది? దుబాయ్‌లో ఎవరున్నరు? పైసలెవరు పంపుతరు? ఏ మసీదుకు పోతరు? చెబుతూనే వచ్చాం. తాతల కాలం నుంచీ జవాబులు చెప్పడమే మా పని అయింది. ఇప్పుడు మేం ఒక్క ప్రశ్న అడుగుతున్నాం. మా దగ్గర తీసుకున్న వివరాలన్నీ సర్కారు కంప్యూటర్లలో దాచారు కదా. ఆ కంప్యూటర్లకు ఏ తాళం వేశారు? ఆ తాళం ఎవరు తయారు చేశారు? చెవి ఎవరి జేబులో ఉంది?

ఈ ప్రశ్న బాన్సువాడ చాయ్ హోటల్లో కూర్చుని ఒక అగ్రకులపు పిల్లవాడు అడిగితే ‘కంప్యూటర్ చదివినోడు, అన్నీ తెలుసుకుంటడు’ అని మెచ్చుకుంటారు. అదే ప్రశ్న ఎస్‌కే అనో ఎండీ అనో పేరు మొదలయ్యే మా పిల్లవాడు అడిగితే పక్క బల్ల మీదివాళ్లు చాయ్ తాగడం ఆపి చూస్తారు. ‘నీకెందుకురా ఆ సంగతి?’ అంటారు. ఇంట్లో అమ్మీ కూడా ‘నక్కో బేటా, గసుంటి మాటలు బయట మాట్లాడకు’ అంటుంది. సర్కారు ఏ యాంటీవైరస్ కొన్నదో, ఏ కంపెనీ ఫైర్‌వాల్ పెట్టుకున్నదో ఊహించడం ఒకరికి తెలివి, మాకు నేరం. ఊహించే హక్కును కూడా పేర్లు చూసి పంచిన దేశమిది.

అమ్మీ భయం ఊరికే పుట్టలేదు. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలింది. నమాజుకు వచ్చినవాళ్లు చచ్చిపోయారు. ఆ తర్వాత పోలీసులు పట్టుకుపోయింది మా పిల్లల్నే. కోర్టు నిర్దోషులని వదిలేసేనాటికి వాళ్ల చదువులు చెడిపోయాయి, కొలువులు పోయాయి. చచ్చిందీ మేమే, అనుమానితులమూ మేమే. పాతబస్తీలో కొట్టిన దెబ్బకు బాన్సువాడ తల్లి కూడా నోరు మూసుకోవడం నేర్చుకుంది.

అయినా అడుగుతాం. ఆ తాళం వెనక ఉన్నది మా బతుకు కాబట్టి.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నారు. ఒక్కరోజులో తెలంగాణ అంతా లెక్క రాస్తాం, ఇంట్లో లేకపోతే లెక్కలో ఉండరన్నారు. బొంబాయి నుంచి, భివండీ నుంచి జనం బస్సులకు వేలాడుతూ వచ్చి పేర్లు రాయించుకున్నారు. బీడీ పింఛను కోసం వివరాలిచ్చాం. షాదీ ముబారక్ కోసం ఆడపిల్ల ఫొటో, పుట్టిన తేదీ, తల్లి బ్యాంకు ఖాతా ఇచ్చాం. రేషన్ బియ్యం కోసం వేలిముద్ర వేశాం. బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టకపోతే తడిపి, తుడిచి మళ్లీ వేశాం. ఇవ్వము అనే దారి మాకు లేదు. ఇవ్వకపోతే బియ్యం రావు.

అడిగి తీసుకున్నవి చాలలేదు, అడగకుండానూ తీసుకుంటున్నారు. 2018లో తెలంగాణ పోలీసులు టీఎస్‌కాప్ అనే తమ యాప్‌లో ముఖం చూసి మనిషిని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ చేర్చారు. 2021 మే నెలలో లాక్‌డౌన్ వేళ హైదరాబాద్‌లో పోలీసులు ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను ఆపారు. మాస్క్ తీయమన్నారు. ఆయన తీయనన్నా ఫొటో తీసుకున్నారు. ఏ చట్టం కింద తీశారని ఆయన హైకోర్టుకు పోయాడు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది. అదే ఏడాది ఆగస్టు 4న బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. చూడటానికి అంత పెద్ద బిల్డింగు కట్టినవాళ్లు దాచడానికి ఏం కట్టారు?

దాచినదాని సంగతి చూద్దాం. 2017 మేలో వానాక్రై అనే వైరస్ లోకమంతా తిరిగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లే పడకేశాయి. 2019లో తెలుగు రాష్ట్రాల కరెంటు పంపిణీ సంస్థల కంప్యూటర్లకు ఎవరో బయటి నుంచి తాళం వేసి, తీయాలంటే డబ్బు కట్టమన్నారు. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్‌కు అదే గతి పట్టింది. రోగుల చీటీలు మళ్లీ చేత్తో రాసుకున్నారు. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లోని సమాచారాన్ని ఒకడు దొంగిలించి అమ్మకానికి పెట్టాడు. ఆపదలో ఉన్న ఆడవాళ్లు మొర పెట్టుకోవడానికి ఇచ్చిన యాప్ అది. పోలీసులు ఒక విద్యార్థిని అరెస్టు చేశారు. పాస్‌వర్డ్ బలహీనంగా ఉండటం వల్ల జరిగి ఉండొచ్చని శాఖ పెద్దలే అన్నారు. జరిగి ఉండొచ్చట! అంటే ఊహాగానాలు మేమొక్కరమే చేయడం లేదన్నమాట. వాళ్లు ఊహిస్తే దర్యాప్తు, మేం ఊహిస్తే దేశద్రోహం.

తాళం పేరు చెబితే దొంగకు సాయం చేసినట్టు కాదా అని మీరు అడుగుతారు. ఈ మాటకు జవాబు 1883లోనే వచ్చింది. ఆగస్ట్ కెర్క్‌హాఫ్స్ అనే పండితుడు సైనిక రహస్య లిపుల గురించి రాస్తూ, పద్ధతి మొత్తం శత్రువు చేతికి చిక్కినా, చెవి ఒక్కటి దాగి ఉంటే చాలు, రహస్యం నిలవాలన్నాడు. పేరు తెలిస్తేనే ఊడిపోయే తాళం అసలు తాళమే కాదు. ఇంత దూరం పోనక్కర్లేదు. 2023 ఆగస్టులో రక్షణ శాఖ తన కంప్యూటర్లలో విండోస్ తీసేసి మాయా అనే స్వదేశీ వ్యవస్థ పెడుతోందని, దానికి కాపలాగా చక్రవ్యూహ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంటుందని పేపర్లన్నీ రాశాయి. దేశం కూలిపోలేదు. సైన్యం శాఖ తాళం పేరు జనానికి తెలియవచ్చు. మా బీడీ పింఛను తాళం పేరు మాత్రం పరమ రహస్యం!

చట్టం ఉంది కదా, అడగండి అంటారు. ఆ తలుపులూ ఒక్కొక్కటీ మూస్తున్నారు. దేశంలో కంప్యూటర్ల భద్రత చూసే సర్ట్-ఇన్ అనే సంస్థను 2023 నవంబర్‌లో సమాచార హక్కు చట్టం నుంచి తప్పించారు. అదే ఏడాది వ్యక్తిగత సమాచార రక్షణకని ఒక చట్టం తెచ్చారు. తాను కోరుకున్న సర్కారీ సంస్థలకు అది వర్తించదని ప్రకటించుకునే అధికారం కేంద్రం తన దగ్గరే పెట్టుకుంది. కిరాణా దుకాణం మీద చట్టం, కోత్వాలుకు మినహాయింపు.

తాళం ఊడిపోతే అందరికీ నష్టమే కదా, ఇందులో ముస్లిం గోల ఎందుకు అని విసుక్కునేవాళ్లకు రెండు సంగతులు చెబుతాం.

ఒకటి పేరు. మా పేరు ఉర్దూలో ఒకటి, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, ఎండీ. ఒక గల్లీలో పదిమంది సయ్యద్ అలీలు ఉంటారు. రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర వేదిక అనే సాఫ్ట్‌వేర్‌తో పేర్లు, చిరునామాలు జతచేసి ఎవరు పేదో, ఎవరు కాదో తేల్చింది. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరును, దగ్గరి పేరున్న మరో కారు యజమానితో కలిపేసి ఆ కుటుంబానికి రేషన్ కార్డు లేకుండా చేసింది. రాష్ట్రంలో రద్దయిన కార్డులు సుమారు 19 లక్షలు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంటికి పోయి విచారించి చూడమని ఆదేశించాల్సి వచ్చింది. అన్ని కులాల పేదలకూ ఆ దెబ్బ తగిలింది. కానీ పేరు కలిసిపోతే పోయేది మిగతావాళ్లకు బియ్యం. మాకు బియ్యమూ పోవచ్చు, మనిషీ పోవచ్చు. ఇవాళ రిక్షావాలాను కారు యజమాని అన్న యంత్రం రేపు మా పిల్లవాడిని ఇంకెవరో అంటే ఎవరికి చెప్పుకోవాలి?

రెండోది జాబితా. 2002లో గుజరాత్‌లో మా ఇళ్ల మీదికి వచ్చిన మూకల చేతుల్లో ముస్లింల ఇళ్లు, దుకాణాల చిరునామాలున్న కంప్యూటర్ ప్రింట్లు ఉన్నాయని హ్యూమన్ రైట్స్ వాచ్ అప్పుడే నివేదిక రాసింది. 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్‌లో నాజీలను ఎదిరించినవాళ్లు పోలీసు ఠాణాను వదిలి జనాభా నమోదు ఆఫీసును పేల్చారు. యూదుల ఇళ్లకు దారి చూపేది ఆ రిజిస్టర్లేనని వాళ్లకు తెలుసు. మీ చిరునామా లీకైతే మీకు అమ్మకాల ఫోన్లు వస్తాయి. మా చిరునామా లీకైతే ఎవరొస్తారో మాకు తెలుసు.

సెక్యులర్ మిత్రులారా, ఇది సాయిబుల గొడవ అని పక్కకు తప్పుకోకండి. భీమా కోరేగావ్ కేసు గుర్తు చేసుకోండి. మీ వరవరరావు నిందితుడైన కేసే. అందులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌లోకి దొంగ సాఫ్ట్‌వేర్ పంపి సాక్ష్యాలను బయటి నుంచే పెట్టారని 2021లో ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ తేల్చింది. అదే ఏడాది పెగాసస్ బయటపడింది. జస్టిస్ ఎన్.వి. రమణ బెంచి కమిటీ వేసింది. ప్రభుత్వం సహకరించలేదని ఆ కమిటీయే చెప్పిందని 2022 ఆగస్టులో కోర్టు అన్నది. 2024లో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు పెట్టారు. ప్రతిపక్షాల ఫోన్లు విన్నారని, ప్రభుత్వం మారగానే హార్డ్‌డిస్కులు ధ్వంసం చేశారని ఆరోపణ. మా గల్లీలో మొదలైన చూపు మీ డ్రాయింగ్ రూముకు రావడానికి ఎంతసేపు పట్టింది?

మాకు తాళంచెవి అక్కర్లేదు. మా వివరాలు ఏ శాఖ దగ్గర ఉన్నాయో, ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయో, బయటివాళ్లు దాన్ని ఎప్పుడు పరీక్షించారో చెప్పండి. దొంగతనం జరిగితే పేపరు చూసి తెలుసుకునే గతి పట్టించకుండా మా ఇంటికే కబురు పెట్టండి. యంత్రం పేరు కొట్టేస్తే, మనిషి ముందు నిలబడి అడిగే అవకాశం ఇవ్వండి. ముఖాలు పట్టే కెమెరాలకు చట్టం చేసేదాకా వాటిని ఆపండి.

జవాబు చెప్పనంతకాలం ఊహిస్తూనే ఉంటాం. హోటల్లో ఊహిస్తాం, మసీదు మెట్ల మీద ఊహిస్తాం, మీసేవ ముందు లైన్లో నిలబడి ఊహిస్తాం. గొంతు తగ్గించి మాత్రం ఊహించం.