అన్‌సివ్ శిథిలాల్లో బహుమతి ఉండనివ్వండి, జాక్‌పాట్ వద్దు

ఫోన్‌లో స్ట్రాటజీ గేమ్ ఏది ఆడాలి అని అడిగితే నేను ముందు చెప్పే పేరు అన్‌సివ్. 2010లో వచ్చిన సివిలైజేషన్ 5ని ఓపెన్ సోర్స్‌లో మళ్లీ కట్టారు. ఫ్రీ, పాత ఫోన్‌లో కూడా నడుస్తుంది. నాకు నచ్చనిది ఒక్కటే, శిథిలాలు.

కొత్తవాళ్ల కోసం: మ్యాప్‌లో అక్కడక్కడా పాత శిథిలాలు ఉంటాయి. మీ స్కౌట్ ముందుగా చేరితే ఏదో ఒకటి దొరుకుతుంది. బంగారం, 20 కల్చర్, నగరంలో జనాభా, లేదా ఏకంగా ఓ టెక్నాలజీ. మొదటి పాలసీకి కావాల్సింది 25 కల్చర్ కాబట్టి ఆ 20 తక్కువేం కాదు. అంతే దూరం నడిచిన పక్కవాడికి మాత్రం చుట్టుపక్కల మ్యాప్ కనిపిస్తుంది, అంతే! ఈ ఆటలో మొదట్లో దొరికిన లాభం చక్రవడ్డీలా పెరుగుతుంది.

ఈ బహుమతులన్నీ ఒక చిన్న జేసన్ ఫైల్‌లో ఉంటాయి, మోడ్ రాసి మార్చుకోవచ్చు. అదే మ్యాప్ సీడ్ పెట్టి మూడు రకాలుగా ఆడి చూశాను.

మొదట శిథిలాలే తీసేశాను (దానికి మోడ్ కూడా అక్కర్లేదు, సెట్టింగ్ ఉంది). అందరికీ సమానమే కానీ చప్పగా ఉంది. రెండో స్కౌట్ కట్టాలనే అనిపించలేదు. తర్వాత బంగారం, మ్యాప్‌ల వెయిట్ పెంచి టెక్నాలజీని అరుదు చేశాను. ఇది ఇంకా ఘోరం. అరుదైనది ఎవరో ఒకరికే తగులుతుంది, మిగతావాళ్లకి తగలదు. తేడా తగ్గాల్సింది పోయి పెరిగింది.

మూడోసారి వెయిట్ ముట్టుకోలేదు, సైజు తగ్గించాను. టెక్నాలజీ బదులు కొంచెం సైన్స్, జనాభా బదులు కొంచెం బంగారం. అప్పుడు కుదిరింది. ఏం వస్తుందో అనే కుతూహలం అలాగే ఉంది, స్కౌట్ ఇంకా పరిగెడుతోంది, కానీ ఆట అక్కడే తేలిపోవట్లేదు.

"జాక్‌పాట్ లేకపోతే మజా ఏముంది రా" అంటాడు మా రూమ్మేట్. ఒక్కడే ఆడుకుంటే నిజమే. ఒకే ఫోన్ చేతులు మార్చుకుంటూ గంటలు గంటలు ఆడేటప్పుడు, పదో టర్న్‌లో ఎవడికి ఏం దొరికిందన్న దాన్ని బట్టి గెలుపు తేలితే మిగతా ఆట ఎందుకు?

గేమ్ చేసినవాళ్లకి ఈ సంగతి తెలియక కాదు. ఒక ఆటగాడికి చివర వచ్చిన రెండు బహుమతులు వెంటనే మళ్లీ రాకుండా కోడ్‌లోనే చూసుకున్నారు. ఇంకో అడుగు వేసి, కొత్త గేమ్ స్క్రీన్‌లో 'చిన్న బహుమతులు' అని ఒక టిక్ బాక్స్ ఇస్తే చాలు.