టాలెంట్‌కు లోటు లేదు.. లోటంతా మ్యాచ్‌లకే!

సౌత్ జోన్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ అనగానే ముందుగా వినిపించే పేరు కాలికట్. ఖమ్మం, భద్రాచలం కాలేజీ పిల్లలు ఆడాల్సిన కాకతీయ యూనివర్సిటీ పేరు అంతగా వినపడదు. కారణం ప్రతిభ లేకపోవడమా?

కానే కాదు. అసలు తేడా ఆడే మ్యాచ్‌ల్లో ఉంది. కాలికట్ యూనివర్సిటీ ఉన్నది మలప్పురం జిల్లాలో. అక్కడ వానలు తగ్గాక ఊరూరా సెవెన్స్ టోర్నీలు మొదలవుతాయి. జట్టుకు ఏడుగురే. కాలేజీలో చేరేనాటికే కుర్రాడు పెద్దాళ్లతో తలపడి రాటుదేలి ఉంటాడు. భద్రాచలం కుర్రాడికి అలాంటి సీజన్ ఏదీ? ఇంటర్ కాలేజీ పోటీలో ఓడితే మళ్లీ వచ్చే ఏడాదే. ఖమ్మం వెళ్లి ఆడాలన్నా వంద కిలోమీటర్లు దాటాలి.

2025 అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్‌లో 309 పరుగులు, 7 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయిన గొంగడి త్రిషది భద్రాచలమే. ఆమె శిక్షణ కోసం కుటుంబం సికింద్రాబాద్‌కు మారింది. అన్ని ఇళ్లకూ అది కుదిరే పనేనా?

ఒకప్పుడు ఫుట్‌బాల్‌లో మనదే పైచేయి. టీచర్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా ఉండగానే 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం దక్కింది.

ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం కాలేజీల మధ్య ఏటా ఒక లీగ్ పెడితే ఖర్చు బస్సు చార్జీలు, గ్రౌండ్, రిఫరీలకే. ముందు ఆడనివ్వాలి. ఎవరు గొప్పో పోల్చడం ఆ తర్వాతి మాట.