కాగితం ఇచ్చారు, మడి ఇవ్వలేదు

అర ఎకరం మడి. నలుగురు పిల్లలు. తండ్రి పోయాక ఆ మడి ఏమవుద్ది? ఇండోనేషియాలోని జావా దీవిలో ఏ చిన్న పల్లెకి పోయినా ఇదే ప్రశ్న. నలుగురూ పంచుకుంటే ఒక్కొక్కరికి పన్నెండున్నర సెంట్లు. దాంట్లో నాటు వేస్తారా, గోరీ కట్టుకుంటారా? అందుకే ఒకడు ఉంచుకుని మిగతా ముగ్గురికీ ఎంతో కొంత ముట్టజెపుతాడు. ఆ ముగ్గురూ రేపట్నుంచి కూలోళ్లు.

జావా మరీ పెద్ద దీవేం కాదు. సుమారు 1,30,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ కంటే చిన్నది. 2020 జనాభా లెక్కల్లో అక్కడున్న జనం 15 కోట్ల పైచిలుకు. అగ్నిపర్వతాల బూడిద పడి సారమెక్కిన నేల. నీళ్లుంటే ఏడాదికి రెండు మూడు పంటలు. అయినా దున్నేవాడి కంచంలోకి ఆ సారం రాలేదు. 2023 వ్యవసాయ గణన ప్రకారం ఆ దేశంలో అర హెక్టారు లోపు, అంటే ఎకరంపావు లోపు సేద్యం ఉన్న కుటుంబాలు సుమారు కోటీ 69 లక్షలు. 2013లో కోటీ 42 లక్షలు. పదేళ్లలో 26 లక్షలు పెరిగాయి. భూమి సాగు చేసే కుటుంబాల్లో నూటికి అరవై వీళ్లే. వీళ్లని 'పెతాని గురెమ్' అంటారు. గురెమ్ అంటే కోడిపేను. దేశానికి బువ్వ పెట్టేవాడికి ఆ దేశం పెట్టుకున్న పేరిది! అసలు సెంటు భూమి లేని కూలోళ్లు ఈ లెక్కలోకే రారు.

జనం పెరిగారు, భూమి పెరగలేదు, ఎవరేం చేస్తారు అంటారు పెద్దలు. ఇది సగం నిజం. మిగతా సగం దాచిపెడితే మొత్తం అబద్ధమవుద్ది.

డచ్చివాళ్లు 1830లో పెట్టిన నిర్బంధ సాగు పద్ధతిలో ఊరి భూమిలో అయిదో వంతు చెరకు, నీలిమందు లాంటి ఎగుమతి పంటలకి పోవాలన్నారు. ఆచరణలో అంతకంటే ఎక్కువే లాక్కున్నారు. ఆ రోజుల్లో జావా పల్లెలో 'కులి' అంటే భూమి ఉన్నోడే. సర్కారు వెట్టి భూమిని బట్టి వచ్చేది కాబట్టి. మడి, ఇల్లు, ఇంటి దొడ్డి మూడూ ఉన్నోడు నిండు కులి. కింది మెట్టు మీద 'మాగెర్‌సారి'. వీడికి గుడిసె వేసుకునే జాగా కూడా సొంతం కాదు. ఆసామి దొడ్లో ఉంటాడు, ఆసామి పిలిస్తే పోతాడు. దొరలు పోయినా ఈ మెట్లు మాత్రం పోలేదు.

పోగొడతామని చట్టమైతే చేశారు. 1960 సెప్టెంబరు 24న మూల భూచట్టం వచ్చింది. జనం కిక్కిరిసిన చోట్ల మాగాణి గరిష్ఠ పరిమితి 5 హెక్టార్లన్నారు. కుటుంబానికి 2 హెక్టార్లు దక్కాలన్నారు. ఏడేళ్లు తాకట్టులో ఉన్న మడిని పైసా తీసుకోకుండా తిరిగి ఇచ్చెయ్యాలన్నారు. కౌలుదారు వాటాకీ చట్టం చేశారు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ మిగులు భూమి ఉన్నోళ్లు బంధువుల పేర్లు రాయించారు, మసీదు ధర్మాల పేర్లు రాయించారు. విసిగిపోయిన రైతు సంఘాలోళ్లు 1963 నుంచి తామే మడుల్లోకి దిగారు. చట్టం ఇచ్చిందే కదా అడుగుతున్నాం అన్నారు.

జవాబు 1965 అక్టోబరు తర్వాత వచ్చింది. కమ్యూనిస్టులనే ముద్ర వేసి కనీసం అయిదు లక్షల మందిని చంపారు. జావా, బాలి పల్లెల్లోనే ఎక్కువ. సైన్యం ఒక్కటే కాదు, భూమి పోతుందని భయపడ్డ ఆసాముల మనుషులూ కత్తులు పట్టారు. ఆ తర్వాత ముప్పై ఏళ్ల పైన, సుహార్తో 1998లో దిగిపోయేదాకా, భూమి అనే మాట ఎత్తినోడు కమ్యూనిస్టు. 1989లో కెడుంగ్ ఓంబో ఆనకట్ట కింద మునిగే ఊళ్లలో సరైన పరిహారం అడిగినోళ్ల గుర్తింపు కార్డుల మీద మాజీ రాజకీయ ఖైదీ అని ముద్ర కొట్టారు. గమనించండి, 1960 చట్టాన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు. ఆ చట్టం అమలు చెయ్యమన్న మనుషుల్ని రద్దు చేశారు.

భూమి పంచకుండా దిగుబడి పెంచుతామన్నారు. మన గోదావరి జిల్లాకీ దీనికీ చుట్టరికం ఉంది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు పండించి పేరు తెచ్చుకున్న ఐఆర్-8 వరికి ఒక తల్లి ఇండోనేషియా రకం 'పేటా'. ఆ పొట్టి వరులే జావా మడుల్నీ నింపాయి. 1984లో ఆ దేశం బియ్యంలో స్వయంసమృద్ధి ప్రకటించుకుంది. మంచిదే. గింజలు పెరిగాయి. మరి ఎవరి గాదెలో? అంతకుముందు కోత రోజున ఊళ్లో ఆడవాళ్లంతా వేళ్ల మధ్య పట్టుకునే చిన్న కత్తితో ఒక్కొక్క వెన్నూ కోసేవాళ్లు. కోసినదాంట్లో వాటా, దాని పేరు 'బావోన్', ఇంటికి తెచ్చుకునేవాళ్లు. మడి లేని ఇంట్లో ఏడాది గింజలు అవే. కొత్త వరితో పాటు కొడవలి వచ్చింది. నిలువు పంటనే గుత్తకి కొనే వ్యాపారి వచ్చాడు. తన ముఠా తెచ్చుకుని కోయించుకుపోయాడు. 1970ల మొదట్లో చిన్న రైసు మిల్లులొచ్చి దంపుడు కూలి కూడా ఊడ్చుకుపోయాయి. ఊరి పంటలో ఊరి ఆడదానికున్న హక్కు అలా పోయింది. దానికి పరిహారం ఎవరిచ్చారు?

ఇప్పుడు పట్టాల పండగ నడుస్తోంది. 2017 నుంచి ఊళ్లకి ఊళ్లు కొలిచి ధ్రువపత్రాలు చేతికిస్తున్నారు. కాగితం చెడ్డదని మేం అనం. రేపు ఆనకట్టకో విమానాశ్రయానికో భూమి అడిగితే కాగితం ఉన్నోడి గొంతుకి బలం ఉంటది. కానీ కాగితం దేనికిస్తారు? ఉన్న భూమికి. లేనోడికి ఏ కాగితం ఇస్తారు? పైగా అదే కాగితం బ్యాంకులో కుదువకి పోద్ది, పట్నపోడి చేతికీ పోద్ది. ఊళ్లో లేనోడు సాగుభూమి కొనకూడదని అక్కడ 1961 నుంచీ నిబంధన ఉంది. ఊళ్లోవాడి పేరు ఒకటి అరువు తెచ్చుకుంటే నిబంధన ఏం చేస్తది?

అందుకే పడుచువాళ్లు ఊళ్లో ఉండటం లేదు. తూర్పు జావా పల్లెల ఆడపిల్లలు హాంగ్‌కాంగ్‌లో, తైవాన్‌లో, సౌదీలో పరాయి ఇళ్లలో అంట్లు తోమి, ముసలాళ్లని సాకి డబ్బు పంపుతున్నారు. ఊళ్లో కనిపించే గచ్చు నేల, మోటారు సైకిలు వాళ్ల రెక్కల కష్టమే. కొందరు మడి కూడా కొన్నారు. అయితే రోడ్డు పక్క మడి ధర వరి పండిస్తే తీరే ధర కాదు. అది ఇళ్ల స్థలం ధర.

సొంత భూమి ఉన్నోళ్లకైనా నిద్ర ఉందా? రెంబాంగ్ దగ్గర కెండెంగ్ కొండల్లో సిమెంటు ఫ్యాక్టరీ వద్దని 2016 ఏప్రిల్లో తొమ్మిది మంది రైతు ఆడవాళ్లు రాజధానిలో అధ్యక్ష భవనం ముందు తమ కాళ్లు సిమెంటులో పోయించుకుని కూర్చున్నారు. ఆ అక్టోబర్లో సుప్రీంకోర్టు అనుమతి రద్దు చేసింది. 2017 ఫిబ్రవరిలో గవర్నరు కొత్త అనుమతి ఇచ్చేశాడు. వాదాస్ ఊళ్లో ఆనకట్టకి రాయి తవ్వడానికి 2022 ఫిబ్రవరి 8న పోలీసుల్ని దింపి భూమి కొలిచారు. అరవై మందికి పైగా ఊరివాళ్లని పట్టుకుపోయారు.

పంచడానికి భూమెక్కడుంది అంటారా? చూడండి. జావాలో ఒక్క ప్రభుత్వ అటవీ సంస్థ పెర్హుతాని చేతిలోనే సుమారు 24 లక్షల హెక్టార్లు ఉండేది. దీవిలో ఇంచుమించు అయిదో వంతు. 2022లో అందులో 11 లక్షల హెక్టార్లని దాని చేతిలోంచి తీసి వేరే నిర్వహణ కింద పెట్టారు. అంటే తియ్యాలంటే వస్తదన్నమాట! ఆ భూమి అడవి అంచున బతికే కోడిపేను రైతుకి దక్కుద్దా, మళ్లీ ఏ సంస్థకో పోద్దా అన్నదే ఇప్పటి తగువు.

ఇంకోటుంది. చాలా ఊళ్లలో గ్రామాధికారుల జీతానికి బదులు వదిలిన మంచి మాగాణి 'బెంగ్కోక్'. 2014 గ్రామ చట్టం తర్వాత వాళ్లకి సర్కారు జీతం వస్తోంది. అయినా చాలా చోట్ల ఆ మడి వాళ్ల కిందే ఉంది. వాళ్లు దున్నరు, ఎక్కువ పాడినోడికి కౌలుకిస్తారు. జీతమూ వాళ్లకే, మడీ వాళ్లకేనా? ఆ మడిని వేలం లేకుండా, ఊళ్లో భూమి లేని ఇళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్ల పేరున దీర్ఘకాలపు కౌలుకి ఇస్తే ఏ ఆసామి కొంప మునుగుద్ది?

భూమి పుట్టించమని ఎవరూ అడగడం లేదు. 1960లో రాసుకున్నది చదవమంటున్నారు, అంతే. పట్టాలు పంచే అధికారి ఊళ్లోకి వచ్చినప్పుడు మడి ఉన్నోళ్ల జాబితా ఎటూ రాస్తాడు. దానికంటే ముందు ఇంకో జాబితా రాయాలి. ఈ ఊళ్లో మడి లేనోళ్లెవరు? ఎన్ని తరాల్నుంచి లేదు? ఎవరు గుంజుకుంటే లేదు? ఆ జాబితా లేని సర్వే భూసంస్కరణ కాదు, ఉన్నోడి గట్టుకి కొత్త సున్నం.