మేమా? మనమా?

గలిలయ సముద్రంలో తుపాను రేగింది. దోనె నీళ్లతో నిండుతోంది. యేసు అమరంలో తలగడ మీద నిద్రిస్తున్నాడు. తాము నశించిపోతుంటే చింత లేదా అని శిష్యులు ఆయనను లేపారు (మార్కు 4:38). గ్రీకు మూలంలో అక్కడ సర్వనామం లేదు. ఒక్క క్రియాపదంలోనే 'మేము', 'మనము' రెండూ ఇమిడిపోతాయి. తెలుగులో సర్వనామం వాడితే మాత్రం ఏదో ఒకటి ఎంచుకోవాలి. మన బైబిలు అనువాదకులు 'మేము' అన్నారు. అది సరైనదే. ప్రభువూ అదే దోనెలో ఉన్నాడన్న సంగతి ఆ భయంలో శిష్యులు మరిచారు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో 'మా తండ్రీ' అంటాం. దేవునితోనే మాట్లాడుతున్నాం గనుక అక్కడ 'మా' తగినదే. పొరుగువానితో 'మా దేవుడు' అంటే మాత్రం అతణ్ని గుమ్మం బయట నిలబెట్టినట్టే. కాపరులమైన మేమూ ఈ తప్పు చేశాం. కొత్తగా వచ్చినవారిని 'మా సంఘానికి స్వాగతం' అంటూనే, వారి కులమేదో ఆరా తీస్తుంటే విని ఊరుకున్నాం. ప్రియులారా, ఈ ఆదివారం 'మన సంఘం' అందాం. అన్నాక, ప్రభువు బల్ల దగ్గర మన పక్కనే వారికి చోటిద్దాం. లేకుంటే ఆ మాటకు అర్థముండదు.