ఎకరము వెల - కూరాకు వెల

గచ్చిబౌలి యను పేరులోనే యొక బౌలి యున్నది. బౌలి యనగా దిగుడుబావి. నేడచ్చటి అద్దాల మేడలను చూడవచ్చువారికి ఆ బావి స్ఫురింపదు. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయిగారు పొరుగుననున్న మాదాపూరులో సైబర్ టవర్సును ప్రారంభించిరి. అప్పటికి నానక్‌రాంగూడ, పుప్పాలగూడ, కోకాపేట మొదలగునవి పల్లెలే. తరి, ఖుష్కీ, బాగాతు అను రెవెన్యూ మాటలకు అచ్చట నింకను అర్థముండెను. చెరువు క్రింద వరియు, చెల్కలో జొన్నయు, బావి క్రింద కూరగాయలును పండుచుండెను. పాతికేండ్లు గడచినవి. 2023 ఆగస్టులో కోకాపేటయందు నగరాభివృద్ధి సంస్థవారు జరిపిన వేలములో ఎకరము 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికినది. 2025లో రాయదుర్గమున ఆ వెలయు వెనుకబడినది. నగరము మురిసిపోయినది.

ఆ కోకాపేట వేలమునకు ముందు నెలలోనే, అనగా 2023 జులైలో, ఇదే నగరమున కిలో టమాటా నూరు రూపాయలు దాటినది. చిన్న జీతగాండ్ర యిండ్లలో చారునకు చింతపండే గతియైనది. ఈ రెండు వెలలను ప్రక్కప్రక్కన నుంచి చదివినవారు అరుదు. అవి రెండును ఒకే త్రాసునకు రెండు తట్టలని మా అభిప్రాయము.

కోకాపేట మేడల వలననే టమాటా ప్రియమైనదని మేము చెప్పుట లేదు. ఎండలు, అకాలపు వానలు, తెగుళ్లు దూరప్రాంతముల పంటను చెఱచినవి. అయితే అయిదువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, మదనపల్లెలో వాన కురిసినచో మన వంటయింటి కేల ఆపద రావలెను? నేడు హైదరాబాదునకు ఉల్లి మహారాష్ట్రమునుండి వచ్చుచున్నది; ఆలుగడ్డ ఆగ్రానుండి వచ్చుచున్నది; టమాటాకు మదనపల్లె, కోలారు దిక్కు చూచుచున్నాము. ఉల్లియు ఆలుగడ్డయు ప్రయాణమునకు తాళును. పాలకూర, తోటకూర, కొత్తిమీర తాళవు. తెల్లవారుజామున కోసిన ఆకు మధ్యాహ్నమునకు వాడును. ధాన్యమును గిడ్డంగిలో దాచి ఏడాది తినవచ్చును. కూరాకునకు గిడ్డంగి ఊరిప్రక్క నేలయే. ఆ నేల పోయినకొలది కూర దూరమగును. దూరమైనకొలది బాడుగ, దళారి, కుళ్లు - మూడును దాని వెలలో చేరును.

కొందఱు లెక్కలు చూపుదురు. శాకోత్పత్తియందు భారతదేశము ప్రపంచమున చైనాకు తరువాతిదనియు, 2012-13 నుండి మన తోటపంటల దిగుబడి ఆహారధాన్యముల దిగుబడిని మించినదనియు చెప్పుదురు. అది నిజము, సంతోషింపదగినది. కాని దేశమంతటి మొత్తము ఒక నగరపు గంపను నింపజాలదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహారనియమములు మనిషికి దినమునకు 400 గ్రాముల కూరగాయలు కావలెనని విధించినవి. ఆ లెక్కన కోటిమంది కొక్క దినమునకు 4,000 టన్నులు కావలెను. ఇంత సరకు ప్రతి ఉదయమును ఎచ్చటినుండి, ఎవరి చేతి మీదుగ రావలెనని నగరమును నిర్మించువారు యోచించిరా?

ఆసియాలోని పొరుగువారు యోచించిరి. ప్రపంచపు కూరగాయలలో సగమునకు పైగా పండించు చైనా 1988లోనే 'కూరగంప' పథకమును పెట్టి, నగరమునకు శాకముల సరఫరా నగరపాలకుని బాధ్యతగా నిర్ణయించినది. సాగుభూమి 180 కోట్ల 'మూ'లకు, అనగా సుమారు 12 కోట్ల హెక్టార్లకు, తగ్గరాదని గీత గీసినది. జపానువారు 1974లో చట్టము చేసి, 1991లో దానిని సవరించి, నగరముల నడుమనున్న మడులను ముప్పది యేండ్లు సాగులో నుంచుటకు ఒప్పుకొన్నవారికి పన్ను తగ్గించిరి. అందువలననే టోకియో మహానగరములోని నెరిమాలో ఇండ్ల నడుమ నేటికిని కోసుగడ్డ పండుచున్నది. సింగపూరునకు నేల లేదు. తన యాహారములో తొమ్మిది పాళ్లకు మించి కొని తినుచున్నది. వారికి లేని నేల మన చుట్టునున్నది. లేనివాని కష్టమును ఉన్నవాడు కోరి తెచ్చుకొనుట వివేకమగునా?

నేల నమ్మిన రైతును నిందించుట మా యుద్దేశము కాదు. 2023 జులైలో నూరు దాటిన టమాటా సెప్టెంబరునకు కోతకూలియైన రాక రోడ్డుప్రక్కన పాఱబోయబడినది. ఇట్టి జూదములో బిడ్డల పెండ్లికి, చదువునకు దిక్కు వెదకు రైతు ఇంటిముందునకు వచ్చిన బేరగానిని కాదనలేడు. అతని కంటెను దయనీయుడు కౌలుదారు. నగరపు టంచున, అమ్మకమునకు ఎదురుచూచు భూములలో నేడు కూర పండించువారిలో పెక్కండ్రు కౌలుదార్లే. నోటిమాటపై ఏడాది కౌలు పొందినవాడు బావి త్రవ్వింపడు, బీరకు, దొండకు పందిరి వేయడు, మునుగ నాటడు. నెలదినములలో చేతికివచ్చు ఆకుకూర విత్తి, వచ్చినంత చాలునని పోవును. 2018లో తెలంగాణమున వెలసిన రైతుబంధు పట్టాదారునకే గాని ఇతనికి చెందలేదు. కౌలుదార్లకు గుర్తింపు నిచ్చుటకై 2011లో సంయుక్తరాష్ట్ర శాసనసభ చేసిన చట్టము కాగితమును దాటి ఎంతో దూరము నడువలేదు. సాగుభూమిని ఇతర వినియోగమునకు మార్చుకొను 2006 నాటి చట్టమునకు రుసుమే ప్రధానము; నల్లరేగడియా, గుట్టనేలయా యని అది విచారింపదు.

కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరముల చెట్లకొఱకు 2025లో విద్యార్థులు గొంతెత్తిరి. ఏప్రిలు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము నఱకుటను ఆపించినది. చెట్టు కూలునప్పుడు చప్పుడగును. కూరమడి చప్పుడు లేకయే పోవును. నేడొక పొలములో రాళ్లు పాతుదురు, రేపు ప్రక్కపొలములో. దానికొఱకు కేకవేయువారు లేరు.

ఇక మించిపోలేదు. 158 కిలోమీటర్ల బాహ్యవలయ రహదారికి లోపల పోయినది పోయినది. దానికి వెలుపల ప్రాంతీయ వలయ రహదారికి గీతలు గీచుచున్నారు. ఈ రెండు వలయముల నడుమ శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాదు, వర్గల్ ప్రాంతముల కూరమడు లింకను పచ్చగానే యున్నవి. వీనిని బాగాతు మండలముగా నగర బృహత్ప్రణాళికలో గుర్తింపవలెను. ఆ గుర్తింపు ఉత్తరువుతో గాక శాసనముతో జరుగవలెను. ఏలయన, జంట జలాశయముల రక్షణకై 1996లో 84 గ్రామములకు విధించిన నిర్బంధములను 2022 ఏప్రిలులో మఱియొక ఉత్తరువు తొలగింపబూనినది. కలముపోటున వచ్చినది కలముపోటుననే పోవును. అట్లు కట్టడి చేయబడిన భూమి యజమానికి ఊరక త్యాగము చేయుమనుట అన్యాయము. నగరము బాగుపడుటచే వచ్చిన సొమ్ములో నుండి అతనికి ఏటేట పరిహారము ముట్టజెప్పవలెను. వేలముపాటలో కోట్లు గడించినవారికి ఇది భారము కాదు. కౌలుదారునకు అయిదేండ్లకు తక్కువకాని వ్రాతపూర్వకమైన కౌలు కావలెను. 1999 జనవరి 26న ఆరంభమైన రైతుబజార్లు క్రొత్తగా వెలసిన ప్రతి కాలనీకిని విస్తరింపవలెను. పటాన్‌చెరువునందు ఇక్రిశాట్ ఆవరణలోనే ప్రపంచ కూరగాయల కేంద్రపు దక్షిణాసియా కార్యాలయము పనిచేయుచున్నది. విత్తనమునకు, విజ్ఞానమునకు మనము దేశాంతరము పోనక్కఱలేదు.

ప్రభుత్వమున కింత చెప్పి, పాఠకులకొక్క మాట చెప్పకున్న ధర్మము కాదు. ఆ పల్లెలలో రాళ్లు పాతిన ప్లాట్లెవరివి? బ్రతుకంతయు కూడబెట్టి, బిడ్డలకుండునని రెండువందల గజములు కొన్న గుమాస్తావి, ఉపాధ్యాయునివి, ఉద్యోగివి. అనగా మనవే. ఇల్లు కట్టు తలంపు పదేండ్లకును లేదు. అంతవఱకు అచ్చట తుమ్మయు, వయ్యారిభామయు పెరుగుచున్నవి. మనము పదుగురమును కలసి ఆ నేలను ఒక కౌలుదారునకు వ్రాసియిచ్చినచో ఏమి పోవును? చట్టము వచ్చుదాక కాచియుండనక్కఱలేని పని యిది.

గచ్చిబౌలియందు బౌలి పేరు మాత్రమే మనకు మిగిలినది. చేవెళ్ల, శంకర్‌పల్లి పేర్లును అట్లే మిగులకుండుగాక. మన మనుమలు ఆ పేర్లు విన్నప్పుడు బస్తాలు దిగుచున్న క్యారట్టును, మంచు వీడని కొత్తిమీరకట్టను తలచుకొందురో, ఎకరము పలికిన వెలను తలచుకొందురో, నేడు మనము చేయు పనిపై నాధారపడియున్నది.