బ్లీచింగ్ చల్లితే చాలదు

హెచ్‌ఐవీ ఉన్నవారికి వారాల తరబడి విరేచనాలు ఆగకపోతే జిమల్‌గట్టలో నీళ్లు పడలేదనుకుని సరిపెట్టుకుంటాం. రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారి పేగుల్లో క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి తిష్ఠ వేస్తుంది. బ్లీచింగ్ పౌడర్ వేసినా చావదు. నీళ్లు తెర్లాక ఇంకో నిమిషం కాచాల్సిందే.

మామూలు మల పరీక్షలో ఇది తరచూ దొరకదు. టీబీ కళ్లెకు వాడే రంగు పద్ధతినే కాస్త మార్చి చూడాలి, అడిగితేనే చేస్తారు. సిస్టోఐసోస్పోరా అని తేలితే చవకైన కోట్రైమాక్సజోల్ మాత్రలతోనే తగ్గుతుంది. క్రిప్టోకు మాత్రం ఏఆర్‌టీ మందులే అసలు దిక్కు. అవి 2004 నుంచి ఉచితం, 2017 నుంచి సీడీ4 ఎంతున్నా ఇస్తున్నారు.

జిల్లా ఆసుపత్రి ఉన్న గడ్చిరోలి వంద కిలోమీటర్ల పైమాటే. విరేచనాలతో ఆ బస్సు ఎవరెక్కుతారు? టీబీ కళ్లె డబ్బాల్లాగే ఈ నమూనాలనూ ఇక్కడి ఆరోగ్య కేంద్రం నుంచే పంపాలని మేము అడుగుతున్నాం.